ముట్లుడిగాక గర్భసంచిలో పాలిప్ కనపడితే అది కాన్సరేనా?

మీరు అడిగింది మళ్ళా ఒకసారి రాస్తున్నా, చదివేవాళ్ళకి అర్థం కావాలి గదా. మీది కందుకూరు దగ్గర పల్లె. మీ అమ్మగారికి 58 ఏళ్ళు, ముట్లు ఆగి ఏడేళ్ళయింది. పోయిన నెలలో రెండుసార్లు బట్టకి ఎర్రగా మరక అంటింది, స్కాన్ తీస్తే గర్భసంచి లోపల 14 మిల్లీమీటర్ల పాలిప్ ఉందన్నారు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, మనిషి కొంచెం లావు. చూపించిన చోట "ఇది కాన్సర్ అవుద్ది, సంచి తీసేద్దాం" అన్నారు. మీ పెద్దమ్మగారు గర్భసంచి కాన్సర్‌తోనే పోయారు కాబట్టి ఇంట్లో అందరూ హడలిపోయి ఉన్నారు. ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా, ఆగాలా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్తాను, కారణాలు తర్వాత. కాన్సర్ అయ్యే అవకాశం తక్కువే, కానీ చూడకుండా వదిలేసేంత తక్కువ కాదు. మీ అమ్మగారి వయసువాళ్ళలో వంద పాలిప్‌లు తీసి ల్యాబ్‌కి పంపితే సుమారు ఐదింట్లో కాన్సరో, కాన్సర్‌కి ముందు దశో బయటపడతది. మిగతా తొంభై ఐదు మామూలు కండే. అందుకని ఆ పాలిప్ తీయించండి, లోపల కెమెరా పెట్టి చూస్తా తీయించండి, తీసిన ముక్క మొత్తం ల్యాబ్‌కి పంపించండి. సంచి తీయాలా వద్దా అనేది ఆ రిపోర్టు చేతికొచ్చాక మాట్లాడుకోవాల్సిన సంగతి.

నేను గైనకాలజిస్టుని. ఒంగోల్లో మొదలుపెట్టి, తర్వాత నెల్లూర్లో, అన్నీ కలిపి 26 ఏళ్ళుగా ఇదే పని. ఈ ఒక్క విషయంలో రెండు రకాల తప్పులూ చూశాను, అస్సలు పట్టించుకోకుండా నెలలకి నెలలు దాచుకున్నవాళ్ళని చూశాను, ఒక్క స్కాన్ కాయితం చూసి వారంలోపే సంచి తీయించుకున్నవాళ్ళనీ చూశాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పాలిప్ అంటే ఏందంటే, గర్భసంచి లోపల ఒక మెత్తటి పొర ఉంటది, నెలనెలా ఊడి బయటకొచ్చేది అదే. ఆ పొరలో ఒకచోట కండ ఎక్కువ పెరిగి, చిన్న కాడకి కాయ వేలాడినట్టు సంచి లోపలికి వేలాడతది. మధ్యలో ఒక రక్తనాళం ఉంటది. ఒళ్ళు మీద పులిపిరి వచ్చినట్టే అనుకోండి, కాకపోతే లోపల. ఫైబ్రాయిడ్ వేరు, అది సంచి గోడ కండరంలో పుట్టే గట్టి గడ్డ, స్కాన్ రిపోర్టు చూసి చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

మరి ముట్లు ఆగిపోయాక పొర పల్చబడాలి గదా, ఇదెందుకు పెరిగింది అంటారా. అండాశయాలు పని ఆపేసినా ఒంట్లో ఈస్ట్రోజన్ పూర్తిగా పోదు. ఒంట్లో ఉండే కొవ్వే వేరే హార్మోన్లని ఈస్ట్రోజన్‌గా మారుస్తది. మనిషి ఎంత లావుంటే అంత తయారవుద్ది. ముందయితే దానికి పగ్గం వేసే ప్రొజెస్టిరాన్ ఉండేది, ఇప్పుడది లేదు. పగ్గం లేని ఈస్ట్రోజన్ ఆ పొరని ఏళ్ళ తరబడి పెంచతా ఉంటది. లావు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళలో పాలిప్‌లూ, సంచి లోపలి పొర కాన్సరూ రెండూ ఎక్కువగా కనపడేది ఇందుకే. మీ అమ్మగారికి ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నేను ఆ ఐదు శాతాన్ని తేలిగ్గా తీసుకోను.

ఆ లెక్క ఎక్కడిదో కూడా చెప్పాలి. 2010లో అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అందులో ముట్లుడిగినవాళ్ళ పాలిప్‌లలో 5.42 శాతం, ఇంకా ముట్లు అవుతున్నవాళ్ళలో 1.7 శాతం చెడ్డవిగా తేలాయి. వయసు పక్కనపెట్టి బ్లీడింగ్ ఒక్కటే చూస్తే, బ్లీడింగ్ ఉన్నవాళ్ళలో 4.15, లేనివాళ్ళలో 2.16. తర్వాత వచ్చిన ఇంకో సమీక్షలో కూడా ముట్లుడిగినవాళ్ళ లెక్క ఐదు దగ్గరే ఉంది. అంటే వయసు ఒక మెట్టు, రక్తం కనపడటం ఇంకో మెట్టు.

అసలు పాలిప్ కంటే ఆ మరకే నాకు పెద్ద విషయం. ముట్లు ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క కనపడినా చూపించుకోవాల్సిందే. ఎర్రగా వచ్చినా, గోధుమరంగులో వచ్చినా, ఒక్కసారే వచ్చి ఆగిపోయినా సరే. అట్టా వచ్చిన ప్రతి వందమందిలో సుమారు తొమ్మిదిమందికి సంచి పొర కాన్సర్ ఉంటది. మిగతా తొంభై ఒక్కమందికి ఎక్కువగా లోపలి చర్మం పల్చబడి ఎండిపోవడం, పాలిప్‌లు, ఇట్టాంటివే. అదే తిప్పి చూస్తే, ఈ కాన్సర్ వచ్చినవాళ్ళలో వందకి తొంభైమందికి ముందు ఇట్టా రక్తం కనపడే ఉంటది. మిగతా కాన్సర్లు చాలావాటికి లేని సౌకర్యం ఇది, ముందే చెప్పి వస్తది. సంచి దాటకముందే దొరికితే వందలో సుమారు 95 మంది ఐదేళ్ళు దాటి బతుకుతారు. మనవాళ్ళు ఆ ముందు చెప్పిన మాట వినకపోవడమే నా బాధ.

బుచ్చి దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది, 61 ఏళ్ళు. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గర నిద్ర చేద్దామని పోయి, ఆ రాత్రే బట్ట మీద మరక చూసుకుంది. గుళ్ళో ఇట్టా అయిందేందని భయపడి, సిగ్గుపడి, తెల్లారకముందే ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయింది. మొగుడికి చెప్పలా, కోడలికి చెప్పలా. ఎనిమిది నెలలు అట్నే దాచుకుంది, మధ్యలో పక్కింటామె ఎవరో "ముట్టు మళ్ళా వచ్చిందంటే ఒంట్లో ఇంకా సత్తువ ఉన్నట్టు" అని చెప్పిందంట. చివరికి కోడలు బట్టలు ఉతికేటప్పుడు చూసి లాక్కొచ్చింది. పాలిప్ తీసి పంపితే దాని కొసలో కాన్సర్. సంచి, అండాశయాలు తీసేశాం, గోడలోకి పెద్దగా దిగలేదు, ఆరేళ్ళయింది, బాగుంది. ఇప్పటికీ ఏటా చెకప్‌కి వచ్చినప్పుడు "అది అమ్మవారి కోపం అనుకున్నా డాక్టరమ్మా" అంటది. మీ అమ్మగారు రెండోసారికే మీకు చెప్పారు, ఆమెకి ఆ మాట మెచ్చుకోలుగా చెప్పండి, మీరు భయపడటం చూసి అనవసరంగా చెప్పానే అనుకోకుండా.

ఇప్పుడు మీ పెద్దమ్మగారి సంగతి. "గర్భసంచి కాన్సర్" అని మనం ఒకటే పేరు పెట్టి పిలిచేది నిజానికి రెండు వేరే జబ్బులు. సంచి మూతి కాన్సర్, అంటే సర్వైకల్, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తది, మన పల్లెల్లో ఎక్కువ చూసింది అదే. సంచి లోపలి పొర కాన్సర్ వేరు, పాలిప్ గురించి మనం భయపడేది దీని గురించి. పెద్దమ్మగారి పాత కాయితాలు దొరికితే ఏదో చూడండి. సంచి మూతిది అయితే మీ అమ్మగారి లెక్క మారదు. లోపలి పొరది అయ్యుండి, పైగా మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో పెద్దపేగు కాన్సర్ వచ్చి ఉంటే అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, లించ్ సిండ్రోమ్ అని వంశంలో దిగేది ఒకటి ఉంది, అప్పుడు లెక్క వేరుగా ఉంటది. ఇంకో మాట, పాప్ స్మియర్ చేయించాం, నార్మల్ వచ్చింది అని ఊరుకునేవాళ్ళున్నారు. అది మూతికి చేసే పరీక్ష, లోపలి పొర సంగతి దాంతో తేలదు.

స్కాన్ చూసి కాన్సరా కాదా చెప్పొచ్చా అంటే, చెప్పలేం. లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే, మొదటిసారి రక్తం కనపడ్డవాళ్ళలో కాన్సర్ ఉండే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. అది ధైర్యం చెప్పే మాటే. కానీ పాలిప్ కనపడ్డాక ఆ 4 లెక్క పట్టుకుని కూర్చోకూడదు, సీరస్ అనే ఒక మొండి రకం కాన్సర్ ఉంది, అది చుట్టూ పొర పల్చగా ఉన్నా ఒక్క పాలిప్‌లో పుట్టగలదు. అట్టాగే 14 మిల్లీమీటర్లు అంటే పెద్దదా అని అడిగారు. సైజు ఒక్కదాన్ని బట్టి మంచిదో చెడ్డదో తేల్చలేం, రంగుల డాప్లర్‌లో రక్తం ఎట్టా పోతుందో చూసినా తేల్చలేం. ముక్క మైక్రోస్కోప్ కింద పెట్టాలి, అంతకు మించి దారి లేదు.

తీయడం ఎట్టా తీశారన్నది చాలా ముఖ్యం. మన ఊళ్ళల్లో ఇప్పటికీ చాలా చోట్ల డీఎన్‌సీ చేసి పంపిస్తారు. అది చూడకుండా చేత్తో గీకే పని. చీకటి గదిలో చీపురుతో ఊడ్చినట్టు, మూలన వేలాడేది తగలొచ్చు తగలకపోవచ్చు. పాలిప్ కాడకి ఊగతా ఉంటది కాబట్టి పరికరం పక్క నుంచి జారిపోద్ది. ఓపీలో సన్నగొట్టంతో ముక్క తీసే పరీక్ష కూడా పొర అంతటా ఉన్న జబ్బుకి మంచిదే గానీ, పాలిప్‌ని తప్పిస్తది. డీఎన్‌సీ రిపోర్టు నార్మల్ అని వచ్చి, పాలిప్ మాత్రం లోపల అట్నే ఉండిపోయినవాళ్ళు నా దగ్గరకే ఎంతోమంది వచ్చారు. కావాల్సింది హిస్టెరోస్కోపీ. సంచి మూతి గుండా సన్నటి కెమెరా పెట్టి, లోపల సెలైన్ నింపి, టీవీలో చూస్తా పాలిప్‌ని మొదలంటా కోసి తీస్తారు. కోతా కుట్లూ ఉండవు. మామూలుగా అరగంట లోపు పని, కొద్దిసేపు మత్తు ఇస్తారు, ఎక్కువమంది ఆ సాయంత్రమే ఇంటికి పోతారు. చాలా అరుదుగా సంచికి రంధ్రం పడటం, ఇన్ఫెక్షన్ రావడం ఉంటాయి, ముట్లుడిగినవాళ్ళకి మూతి బిగుసుకుపోయి ఉంటది కాబట్టి అలవాటున్న చెయ్యి కావాలి. పాలిప్‌తో పాటు చుట్టుపక్కల పొర నుంచి కూడా వేరేగా కొంచెం ముక్క తీయమనండి, పక్కన ఏముందో కూడా తెలియాలి.

మీ అమ్మగారికి ముందు షుగరు అదుపులోకి తెచ్చుకోవాలి, హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష, చేయించండి. రక్తం పల్చబడే మాత్రలు ఏమైనా వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. తీసిన తర్వాత కొద్దిరోజులు మరకలు అంటడం మామూలే, జ్వరం వచ్చినా, వాసనతో డిశ్చార్జ్ వచ్చినా, రక్తం ధారగా పోయినా ఆగకుండా పోవాలి.

ఇక సంచి తీసేయడం గురించి. మిమ్మల్ని చూసిన డాక్టర్ ఉద్దేశం చెడ్డదని నేననను, వయసు దాటింది, పిల్లలు పుట్టాల్సిన పని లేదు, షుగరు ఉంది, ఒక్కసారికే తేలిపోద్ది అని చాలామంది అట్టా ఆలోచిస్తారు. కానీ నేను ఒప్పుకోను, రెండు కారణాలు. వందలో తొంభై ఐదుమందికి అక్కర్లేని పెద్ద ఆపరేషన్ అది, షుగరు బీపీ ఉన్న మనిషికి మత్తు, రక్తం పోవడం, మూత్రాశయానికి దెబ్బ తగలడం ఇవన్నీ నిజమైన రిస్కులు. రెండోది, నిజంగా కాన్సరే అయితే ఆ ఆపరేషన్ వేరే రకంగా చెయ్యాలి. ముందు ఎమ్మారై తీసి ఎంత లోతు పోయిందో చూడాలి, అండాశయాలు, ట్యూబులు కూడా తీయాలి, లింఫ్ గ్రంథులు చూడాలా వద్దా తేల్చుకోవాలి, వీలైతే కాన్సర్ సర్జన్ చెయ్యాలి. తెలియకుండా మామూలు హిస్టరెక్టమీ, అంటే సంచి తీసే ఆపరేషన్, చేసేస్తే మంచి రిపోర్టు వచ్చినవాళ్ళకి ఎక్కువ చేసినట్టు, చెడ్డ రిపోర్టు వచ్చినవాళ్ళకి తక్కువ చేసినట్టు అవుద్ది.

సంచులు తీయించడంలో మన రాష్ట్రం ఎక్కడుందో కూడా తెలియాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే ఆంధ్రలో దాదాపు 9 శాతం. ఇంత తేడా జబ్బుల వల్ల వచ్చింది కాదు.

కనిగిరి వైపు నుంచి ఒకామె, పొగాకు గ్రేడింగ్‌కి పోయేది, 54 ఏళ్ళు. నా దగ్గరకి రావడానికి రెండేళ్ళ ముందు ఒకచోట ఇట్నే రక్తం కనపడితే సంచి తీశారు. తీసిన సంచిని ట్రేలో పెట్టి బయట కూర్చున్న కొడుక్కి చూపించారు, అంతే, ల్యాబ్‌కి పంపలా. నా దగ్గరకి వచ్చేసరికి లోపల, సంచి తీసి యోని పైకొసన కుట్టిన చోట మళ్ళా రక్తం, ముక్క తీసి పంపితే కాన్సర్. మొదట అది ఏ రకం, గోడలోకి ఎంత దిగింది, ఒక్క అక్షరం కూడా ఏ కాయితంలో లేదు. రేడియేషన్‌కి పంపించాం, మూడేళ్ళు బతికింది. ఆ కొడుకు నన్ను అడిగిన మాట ఇంకా గుర్తుంది, "నేను చూశాను గదమ్మా, బాగానే ఉంది సంచి" అని. కంటితో చూస్తే ఏం తెలుస్తది పాపం. అందుకని దయచేసి, ఏ ఆపరేషన్ అయినా, తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో మీ అమ్మగారి పేరుతో ల్యాబ్‌కి పోయిందా లేదా మీరే నిలబడి అడగండి. ఆ బయాప్సీ రిపోర్టు జీవితాంతం దాచుకోవాల్సిన కాయితం.

రిపోర్టు వచ్చాక అందులో రాసే మాటల్ని బట్టి దారి మారుద్ది. "బినైన్ ఎండోమెట్రియల్ పాలిప్" అంటే మామూలు కండ, పని అయిపోయింది, కాకపోతే మళ్ళా ఎప్పుడైనా రక్తం కనపడితే మళ్ళా మొదటి నుంచి చూడాలి, పాలిప్‌లు మళ్ళా రావచ్చు. "హైపర్‌ప్లేసియా వితౌట్ ఎటిపియా" అంటే పొర దట్టంగా పెరిగింది గానీ కణాలు చెడిపోలేదు, ప్రొజెస్టిరాన్ మందుతోనో, లోపల పెట్టే హార్మోన్ లూప్‌తోనో చాలామందికి తగ్గిపోద్ది, మళ్ళా ముక్క తీసి చూస్తా ఉండాలి. "ఎటిపికల్ హైపర్‌ప్లేసియా" లేదా "ఈఐఎన్" అని ఉంటే, అంటే కణాలు కూడా చెడిపోవడం మొదలైన కాన్సర్ ముందు దశ, అప్పుడు సంచి తీయించాలి, నేనే తీయించుకోమంటాను, ఎందుకంటే ఇట్టా రిపోర్టు వచ్చినవాళ్ళలో చాలామందికి అప్పటికే పక్కన కాన్సర్ ఉండి ఉంటది. "ఎడినోకార్సినోమా" అంటే కాన్సర్, అప్పుడు కాన్సర్ ఆసుపత్రికే పోవాలి, మనకి తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టు వాళ్ళ కాన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది, గుంటూరు జీజీహెచ్‌లో కాన్సర్ విభాగం ఉంది. కాన్సర్ వైద్యం ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంది కాబట్టి డబ్బు లేదని ఆగొద్దు, కార్డు తీసుకుని ఆసుపత్రిలో వైద్యసేవ కౌంటర్‌లో ముందు అడగండి.

రక్తం రాకుండా, వేరే దేనికో స్కాన్ తీస్తే పాలిప్ కనపడినవాళ్ళు కూడా అడుగుతుంటారు. వాళ్ళకి లెక్క తక్కువ, తొందర లేదు. అయినా మనిషి ఆరోగ్యంగా ఉంటే, లావు షుగరు లాంటివి ఉంటే తీయించుకోమనే చెప్తాను. కావలి నుంచి ఒక అవ్వ, 79 ఏళ్ళు, గుండెకి స్టెంట్లు, రక్తం పల్చబడే మందులు, మూత్రం మంటకి స్కాన్ తీస్తే 8 మిల్లీమీటర్ల పాలిప్. ఆమెకి తీయలేదు. మత్తు రిస్కే ఎక్కువ ఆ ఒంటికి. ఆరునెలలకోసారి స్కాన్ చూస్తున్నాం, చుక్క కనపడితే వెంటనే రావాలని మనవరాలికి చెప్పి పెట్టాను.

రొమ్ము కాన్సర్‌కి టామోక్సిఫెన్ మాత్రలు వాడేవాళ్ళు వేరే వర్గం. ఆ మాత్ర రొమ్ముకి మంచి చేస్తది గానీ ముట్లుడిగినవాళ్ళకి సంచి పొరని పెంచతది, పొర కాన్సర్ అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుద్ది. దానికి భయపడి మాత్ర ఆపొద్దు, అది ఇచ్చే మేలు చాలా పెద్దది. కానీ రక్తం కనపడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు.

ఇంకో ప్రమాదం ఉంది, మీ అమ్మగారికి కూడా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి రాస్తున్నా. రక్తం ఆగడానికి మెడికల్ షాపులో హార్మోన్ మాత్రలు ఇస్తారు, పది రోజులు వేసుకుంటే మరకలు ఆగిపోతాయి, తగ్గిపోయిందనుకుంటారు. పాలిప్ లోపల అట్నే ఉంటది, కాన్సర్ ఉంటే అదీ పెరగతా ఉంటది, ఆగింది మరక ఒక్కటే. నాటు మందుతో పాలిప్ కరిగిపోద్దని చెప్పేవాళ్ళనీ నమ్మొద్దు. చిన్న పాలిప్‌లు కొన్ని ముట్లు అవుతున్న వయసులో వాటంతట అవే పోవచ్చు, 58 ఏళ్ళకి 14 మిల్లీమీటర్లది, రక్తం వస్తున్నది, అట్టా పోద్దని ఎదురు చూడకూడదు.

ఈ వారంలో మీరు చేయాల్సింది చెప్తా. స్కాన్ కాయితం, షుగరు బీపీ మందుల చీటీలు, రక్తం కనపడిన తేదీలు ఒక కాయితం మీద రాసుకుని, కెమెరాతో తీసే సౌకర్యం ఉన్న గైనకాలజిస్టు దగ్గరకి పోండి. కందుకూరు నుంచి మీకు ఒంగోలు దగ్గర, నెల్లూరు అయినా ఒక పూట ప్రయాణమే. పోయేముందు ఫోన్ చేసి "హిస్టెరోస్కోపీ పాలిపెక్టమీ చేస్తారా, ముక్క ల్యాబ్‌కి పంపుతారా" ఈ రెండూ అడగండి. రెండు మూడు వారాల్లోపు అయిపోయేట్టు చూసుకోండి, రేపే చేయించాలన్నంత హడావుడి అక్కర్లేదు, పంట నూర్పిళ్ళు అయ్యాక చూద్దాం అనేంత టైమూ లేదు.

రిపోర్టు వచ్చాక అందులో చివర "ఇంప్రెషన్" అని ఉండే రెండు మూడు లైన్లు, అమ్మగారి పేరు రాయకుండా, ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.